హైదరాబాద్‌లో సముద్రం లేదు, మంచు లేదు, మరి కారు డోర్ల కింద తుప్పు ఎక్కడిది?

టూకీగా: హైదరాబాద్ గాలిలో ఉప్పు లేదు, అందుకే ఇక్కడి కార్లు వైజాగ్, చెన్నై కార్లలాగా ఒళ్లంతా తుప్పు పట్టవు. ఇక్కడ తుప్పు ఎక్కువగా పుట్టేది రెండు చోట్ల, ఒకటి నీళ్లూ మట్టీ దిగకుండా ఆగిపోయిన చోట, రెండోది ఆదరాబాదరాగా చేసిన డెంటింగ్ పని కింద. వేలకు వేలు పోసి వేయించే కోటింగ్‌ల కన్నా డోర్ కింద ఉండే చిన్న బెజ్జాలు, పుట్టీ కింద పడే ప్రైమర్, ఈ రెండే కారు ఆయుష్షుని ఎక్కువ ప్రభావితం చేస్తాయి.

వానలు పోయాక వచ్చే ప్రశ్న

జూన్‌లో మొదలైన వానలు అక్టోబర్ దాకా సాగి పోయినాక చాలా మంది కారుని ఒకసారి తీరిగ్గా కడుక్కుని చూస్తారు, అప్పుడు కనపడతది డోర్ అడుగు అంచు మీద కందిగింజంత పొక్కు. గోరుతో గీకితే పెయింట్ పెచ్చు లేస్తది, కింద గోధుమ రంగు పొడి. కారుకి ఆరేళ్లు కూడా నిండలేదు, పైన పెయింట్ అద్దంలా మెరుస్తోంది, మరి ఇదేంటి అని అనుమానం మొదలవుతది. ఇంతలో యాంటీ రస్ట్ ప్యాకేజీ అమ్మేవాళ్లు ఒకటి చెప్తారు, మెకానిక్ ఇంకోటి చెప్తాడు, న్యూజెర్సీలో ఉన్న బావగారు వాట్సాప్‌లో ఇంకేదో వీడియో పంపిస్తారు. అందరూ చెప్పేది ఎక్కడో ఒక చోట నిజమే, కానీ అది ఈ ఊరికి నిజమా కాదా అన్నది తేల్చుకోవాలంటే ముందు రేకు మీద అసలు ఏం జరుగుతదో చూడాలి.

రేకు మీద జరిగే కథ

ఇనుముకి నీళ్లూ ఆక్సిజనూ రెండూ తగిలితేనే తుప్పు, ఇది స్కూల్లో అందరూ చదివిందే. స్కూల్లో అంత గట్టిగా చెప్పని సంగతి ఏంటంటే ఇది ఒక చిన్న బ్యాటరీ లాంటి వ్యవహారం. ఒకే రేకు మీద ఒక చోట ఇనుము కరుగుతూ ఉంటది, పక్కన ఇంకో చోట ఆక్సిజన్ ఆ కరెంటుని తీసుకుంటూ ఉంటది, మధ్యలో నీళ్లు వైరు పని చేస్తాయి. నీళ్లలో ఉప్పు ఉంటే కరెంటు బాగా పారుతది, అందుకే తుప్పు కూడా జోరుగా పడతది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. నీటి బొట్టు రేకు మీద కూర్చుంటే అంచుల్లో గాలి బాగా తగులుతది, నడుమ తక్కువ. తినేది మాత్రం గాలి తక్కువ తగిలే నడిమి భాగాన్నే. తడి మట్టి అట్ట కట్టిన చోట, రెండు రేకులు మడిచి అతికించిన సందులో, రబ్బరు కింద, ఇట్లా గాలి ఆడని చోట్లనే తుప్పు లోతుకి పోవడానికి కారణం ఇదే. బయట ఎండకీ వానకీ ఆరుబయట ఉన్న బానెట్ ఏళ్లు గడిచినా బాగానే ఉంటది, ఎవరి కంటికీ కనపడని డోర్ మడత పాడవుతది. కళ్లకి కనిపించేదాన్నే రోజూ తుడుస్తాం కాబట్టి ఈ లెక్క తలకిందులుగా అనిపిస్తది.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. ఇత్తడి బిందెకి చిలుము పడితే చింతపండు పెట్టి తోమితే పోతది, కింద లోహం దాదాపు అట్లాగే ఉంటది. అల్యూమినియం మీద ఏర్పడే పొర అయితే గట్టిగా పట్టుకుని లోపలి లోహాన్ని కాపాడతది కూడా. ఇనుము తుప్పుకి ఈ రెండు గుణాలూ లేవు. అది గుల్లగా ఉంటది, స్పాంజిలాగా తడి పట్టి ఉంచుతది, పైగా తను పుట్టిన ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తది. పెయింట్ పొక్కులా లేవడం ఈ ఉబ్బు వల్లే. అంటే బయటికి పొక్కు కనపడింది అంటే లోపల పని చాలా రోజుల కిందే మొదలైంది అని లెక్క.

ఫ్యాక్టరీ వేసే పొరలు, పాతకాలం మందం రేకు

పాత అంబాసిడర్ రేకు మందం, అందుకే తుప్పు పట్టేది కాదు, ఇప్పటి కార్లు డబ్బా రేకు, ఈ మాట ప్రతి డెంటింగ్ షాపులోనూ వినిపిస్తది. ఇందులో సగమే నిజం. మందం రేకు తుప్పుని ఆపదు, బొక్క పడే రోజుని వెనక్కి జరుపుతది, అంతే. ఇప్పటి కార్ల పై రేకు ఒక మిల్లీమీటర్ కన్నా పల్చన, కానీ దాని మీద పొరలు చాలా ఉంటాయి. చాలా కార్లలో ముఖ్యమైన రేకులకి జింకు పూత ఉంటది, దాని మీద ఫాస్ఫేట్ పొర, ఆ తర్వాత బాడీ మొత్తాన్ని పెయింట్ తొట్టిలో ముంచి కరెంటుతో వేసే ఈ-కోట్, దాని మీద ప్రైమర్, రంగు, చివర రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్.

ఇందులో జింకు పని చేసే తీరు తమాషాగా ఉంటది. గీత పడి రేకు బయటపడ్డా కూడా పక్కనున్న జింకు ముందు తను కరిగిపోయి ఇనుముని కాపాడతది. ఇక ఫాస్ఫేట్ సంగతికొస్తే ఢిల్లీలో 1600 ఏళ్లుగా నిలబడ్డ ఇనప స్తంభం కూడా అట్లా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ అనే చెప్తారు, తడీ ఎండా తగిలే కొద్దీ దాని మీద గట్టి పొర ఒకటి ఏర్పడింది. కారు ఫ్యాక్టరీ ఫాస్ఫేట్ వేసేది ప్రధానంగా పెయింట్ పట్టు కోసం, కానీ తుప్పుని నెమ్మదింపజేసే గుణం అక్కడా పనికొస్తది.

ఈ-కోట్ అసలు గొప్పతనం డోర్ లోపలి వైపుకి, గొట్టాల్లాంటి సందుల్లోకి కూడా పోవడం. స్ప్రే గన్‌తో అక్కడికి చేరడం చాలా కష్టం. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పబోయే డెంటింగ్ గొడవ సులువుగా అర్థమవుతది.

ఉప్పు ఊర్లు, మన ఊరు

అమెరికాలో చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, అది కారు అడుగుభాగం మొత్తానికి అంటుకుంటది. అందుకే అక్కడ ఏటేటా కింద ఆయిల్ స్ప్రే కొట్టించడం మామూలు. వైజాగ్‌లో బీచ్ దగ్గర ఇళ్లున్నవాళ్లకి గాలే ఉప్పు మోసుకొస్తది, తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఆ ప్రభావం బాగా తగ్గిపోతది. హైదరాబాద్ సముద్రానికి 250 కిలోమీటర్లకి పైగా దూరం, ఎత్తు 500 మీటర్ల పైనే. దీనికి తోడు గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితేనే శుభ్రమైన ఇనుము చెప్పుకోదగ్గ వేగంతో తుప్పు పడతది, ఇక్కడ ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ అందులో సగానికి పడిపోతది. అంటే ఏడాదిలో చాలా నెలలు ఈ ఊరి గాలి కారుకి మేలే చేస్తోంది.

మరి సమస్య ఎక్కడ అంటే, గాలి ఎంత పొడిగా ఉన్నా సందులో ఇరుక్కున్న తడి మట్టికి ఆ పొడిగాలి తగలదు కదా. నగరంలో కార్ల తుప్పు గాలి వల్ల కన్నా ఆగిన నీళ్ల వల్ల ఎక్కువ. ఏటేటా ఆయిల్ స్ప్రే కొట్టించమనే న్యూజెర్సీ బావగారి సలహా తప్పేం కాదు, ఊరు వేరు అంతే.

నీళ్లు ఆగే చోట్లు

కారు డోర్ అద్దం పక్కన ఉండే రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపలేదు, అందులోంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే, డిజైన్ చేసినవాళ్లకీ తెలుసు. అందుకే డోర్ అడుగు అంచులో రెండు మూడు బెజ్జాలు ఇస్తారు. హైదరాబాద్ దుమ్ము సంగతి తెలిసిందే, మెట్రో పనులో ఫ్లైఓవర్ పనులో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటది, ఆ సన్నమట్టి నీళ్లతో కలిసి దిగి బెజ్జాన్ని మూసేస్తది. తర్వాత వానకి డోర్ తెరిచినప్పుడు లోపల గుడగుడ నీళ్ల చప్పుడు వినపడితే బెజ్జం మూసుకుపోయినట్టే. దీనికి చీపురు పుల్ల చాలు. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే ఉన్న ఈ-కోట్ కూడా గీరుకుపోయి, చేసిన మేలు కాస్తా కీడు అవుతది.

రెండో చోటు విండ్‌షీల్డ్ కింద వైపర్ల దగ్గర జాలీ. వేప చెట్టు కిందో కానుగ చెట్టు కిందో పార్క్ చేసే కార్లలో ఈ జాలీ కింద ఆకులు కుళ్లి ఎరువులాగా తయారవుతాయి, నీళ్లు దిగే దారి మూసుకుంటది, ఒక్కోసారి ఆ నీళ్లు కేబిన్ లోపలికే వస్తాయి. సన్‌రూఫ్ ఉన్న కార్లకి నాలుగు మూలల్లో ఉండే సన్న పైపుల గతి కూడా ఇదే.

మూడోది చాలా మంది ఊహించనిది, ఏసీ. ఎండాకాలం ఏసీ నీళ్లు కారు కింద బొట్లు బొట్లుగా పడాలి. ఆ పైపు మూసుకుంటే నీళ్లు ఎడమ వైపు సీటు ముందు కార్పెట్ కిందికి పోతాయి. పైన మ్యాట్ ఆరినట్టే ఉంటది, కింద ఫోమ్ మాత్రం నెలల తరబడి చెమ్మగా ఉంటది. ఏప్రిల్ ఎండలో, వాన చుక్క లేకుండా, కారు ఫ్లోర్ రేకు తుప్పు పట్టడం అంటే ఇదే. ముక్కిన వాసన వస్తుంటే సెంటు బాటిల్ పెట్టడం ఆపి మ్యాట్ ఎత్తి చేత్తో ఒత్తి చూడటం మేలు.

ఇక చక్రాల పైన ఉండే ఆర్చ్ అంచు. ఇది లోపలికి మడిచి ఉంటది, ఆ మడతలో బురద కూర్చుంటది. వాచ్‌మన్ పొద్దున్నే బకెట్ నీళ్లతో పైపైన తుడిచే పద్ధతిలో ఈ మడతకి నీళ్లు తగలవు, తగిలినా మట్టిని ఇంకాస్త తడిపి వదిలేస్తాయి. పైగా ఇక్కడే మడ్‌ఫ్లాప్‌లు బిగిస్తారు. కొత్త కారు షోరూమ్ బయటికి రాగానే బయటి షాపులో డ్రిల్లింగ్ మెషీన్‌తో ఆర్చ్ అంచుకి బెజ్జం వేసి స్క్రూ దిగ్గొడతారు, ఆ బెజ్జం చుట్టూ జింకు లేదు, పెయింట్ లేదు, పచ్చి ఇనుము, దాని మీద చక్రం ఏడాది పొడుగునా బురద చిమ్ముతుంటది. బురద పడకుండా పెట్టిన ఫ్లాపే తుప్పుకి తలుపు తీస్తది. కంపెనీ ఇచ్చిన బెజ్జాల్లోనే బిగించమని అడగడం, తప్పక డ్రిల్ చేస్తే అంచుకి టచప్ పెయింట్ రాసి ఆరినాక స్క్రూ పెట్టించడం, ఐదు నిమిషాల పని.

ఔటర్ రింగ్ రోడ్డు మీద కంకర లారీల వెనక పోయే కార్లకి బానెట్ ముందు అంచున రాళ్ల దెబ్బలు తగులుతాయి, అవి చిన్నవే, టచప్‌తో పోతాయి. తడి కారు మీద గాలాడని కవర్ కప్పడం, సెల్లార్‌లో నీళ్లు ఊరే మూలన నెలల కొద్దీ పార్క్ చేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

వరద నీళ్లది మాత్రం వేరే లెక్క. 2020 అక్టోబర్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లు వాన నీళ్లు కావు, డ్రైనేజీ కలిసిన నీళ్లు, అందులో లవణాలూ ఉంటాయి, సన్నటి ఒండ్రూ ఉంటది. అట్లాంటి కారుకి సీట్లు, కార్పెట్ మొత్తం విప్పి, మంచినీళ్లతో కడిగి, రోజుల తరబడి ఆరబెట్టకపోతే రేకుల సందుల్లో ఒండ్రు ఉండిపోయి ఏడాది రెండేళ్లకి పొక్కులై బయటపడతది.

సొట్ట తీసిన చోటే ఎందుకు

నగరంలో చిన్నదో పెద్దదో సొట్ట పడని కారు అరుదు. సొట్ట తీయడానికి పెయింట్ గీకి, వాషర్ ముక్కల్ని రేకుకి వెల్డ్ చేసి బయటికి లాగుతారు. పని వేగంగా అవుతది, తప్పు పద్ధతి కూడా కాదు. కానీ ఆ వెల్డింగ్ వేడికి రేకు వెనక వైపు ఈ-కోట్, జింకు రెండూ కాలిపోతాయి. బయట వైపు పుట్టీ పెట్టి రంగేస్తారు, లోపలి వైపు కాలిన మచ్చ అట్లాగే ఉండిపోతది. డోర్ లోపలికి ఎప్పుడూ వచ్చే నీళ్లు ఆ మచ్చ మీద పడతాయి. రెండేళ్లకి సరిగ్గా అక్కడే లోపలినుంచి పొక్కు లేస్తది, ఓనర్ పెయింట్ క్వాలిటీని తిడతాడు. అసలు అడగాల్సింది డోర్ ప్యాడ్ విప్పి వెనక వైపు క్యావిటీ వ్యాక్స్, అంటే సందుల్లోకి పాకి తడిని ఆపే మైనం, కొట్టారా లేదా అని.

రెండో తప్పు పుట్టీ దగ్గర. పుట్టీ ఆరినాక గట్టిగా రాయిలా ఉంటది కానీ అది నీళ్లు పీల్చుకుంటది. పచ్చి రేకు మీద నేరుగా పుట్టీ పెట్టి, దాన్ని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే, ఆ తడి రేకు దాకా పోతది, దాని మీద ప్రైమర్, రంగు పడి సీలైపోతది. అంటే తుప్పుకి కావాల్సిన నీళ్లని ప్యాక్ చేసి పెట్టినట్టే. వానాకాలంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, గాలి తేమకి రంగు కూడా మసకబారే అవకాశం ఉంది. అర్జెంటు కాని పెయింట్ పని నవంబర్ తర్వాతకి పెట్టుకోమని అనుభవం ఉన్న పెయింటర్లు చెప్పేది అందుకే.

పొక్కు వచ్చినాక ఏం చేయాలి

ముందు పొక్కు ఏ దశలో ఉందో తెలియాలి. గీత మీద పైపైన ఎర్రబడితే మొదటి దశ. గీకితే గుంటలు గుంటలుగా ఉంటే రెండోది. వేలితో గట్టిగా నొక్కితే రేకు కరకరలాడి లోపలికి పోతే మూడోది, దానికి ఏ మందూ పనిచేయదు, ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డ్ చేయడమో డోర్ మార్చడమో. బొక్కకి జాలీ పెట్టి పుట్టీ పూసేసే రిపేరు అమ్మకానికి పెట్టిన కార్లకి పనికొస్తది, ఉంచుకునే కారుకి కాదు.

మొదటి రెండు దశలకి పద్ధతి దాదాపు ఒకటే. బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వ్యాక్స్, జిడ్డు లేకుండా తుడిచి, 80 నంబర్ ఎమ్రీతో మొదలుపెట్టి తెల్లటి లోహం కనపడేదాకా గీకాలి. పొక్కు ఎంత ఉందో అంతే గీకితే చాలదు, తుప్పు పెయింట్ కింద పక్కలకి పాకి ఉంటది, కాబట్టి గట్టిగా అతుక్కున్న పెయింట్ అంచు దొరికేదాకా పోవాలి. తర్వాత సన్న పేపర్లతో అంచుని నున్నగా చేయాలి.

గుంటల అడుగున నల్లని చుక్కలు ఎంత గీకినా పోవు, అక్కడ రస్ట్ కన్వర్టర్ వాడతారు. చాలా కన్వర్టర్లలో ఉండేది టానిక్ యాసిడ్ లేదా ఫాస్ఫారిక్ యాసిడ్. ఇది మనకేం కొత్త సంగతి కాదు, శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి, బెల్లం నీళ్లలో ఇనప ముక్కలు నానబెట్టిన రసంతో గీత గీస్తే ఆ గీత నల్లగా తేలి ఇంక వదలదు. కరక్కాయలో ఉన్నది టానిన్, అది ఇనుముతో కలిసి నల్లటి గట్టి పదార్థం అవుతది. కన్వర్టర్ రాసినాక తుప్పు నల్లబడటం కూడా అదే చర్య. ఇది గట్టిగా పట్టుకున్న పల్చటి తుప్పు మీదే పనిచేస్తది, పెచ్చులు రాలే తుప్పు మీద రాస్తే పై పెచ్చు నల్లబడి కిందది అట్లాగే ఉంటది. మెరిసే శుభ్రమైన లోహం మీద దాంతో పనే లేదు. మిగిలిన యాసిడ్‌ని కడగాలా వద్దా అన్నది డబ్బా మీద రాసినట్టు పాటించకపోతే పైన ప్రైమర్ పట్టు తప్పుతది.

దాని మీద రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్. ఇది తడిని ఆపే అసలు గోడ. పుట్టీ అవసరమైతే ఈ ప్రైమర్ మీద పెట్టాలి, పొడిగానే రుద్దాలి, ఆ తర్వాతే రంగు, క్లియర్. గేట్లకీ గ్రిల్స్‌కీ కొట్టే మామూలు రెడాక్సైడ్‌ని కారుకి కూడా కొట్టేవాళ్లు ఉన్నారు, గేటుకి అది మంచిదే, కానీ కారు పెయింట్ థిన్నర్ తగలగానే అది ముడతలు పడే అవకాశం ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్లు హార్డెనర్ కలిపే క్లియర్ కోట్లని మూసిన సెల్లార్‌లో, సరైన మాస్క్ లేకుండా కొట్టకూడదు, ఆ పొగమంచు ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. నిమ్మరసం, వెనిగర్, కూల్‌డ్రింక్ చిట్కాలు విప్పి నానబెట్టగలిగే బోల్టులకి సరిపోతాయి, కారు రేకు మీద పోస్తే యాసిడ్ సందుల్లోకి దిగి కొత్త తుప్పు మొదలవుతది.

కోటింగ్ ప్యాకేజీల్లో ఏది ఎందుకు

సిరామిక్ కోటింగ్ క్లియర్ కోట్ మీద కూర్చుంటది, మెరుపు కోసం, కడగడం సులువు అవ్వడానికి బాగుంటది. లోపలినుంచి వచ్చే తుప్పుతో దానికి సంబంధం లేదు. పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అతికించే పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్, రాళ్ల దెబ్బల్ని కొంత ఆపుతది. అడుగున కొట్టే నల్లటి రబ్బరు కోటింగ్ కొత్త కారుకి, శుభ్రంగా ఆరిన రేకుకి కొడితే పనికొస్తది, కానీ పాత కారుకి ఉన్న మట్టి, తుప్పు మీద కొడితే అది మూత పెట్టినట్టు అవుతది, ఎక్కడో చీలిక వచ్చి నీళ్లు లోపలికి పోతే బయటికి రావు, పైకి నల్లగా బాగానే కనపడుతూ కింద రేకు కరిగిపోతది. దానికన్నా ఘోరం, హడావిడిలో డోర్ల కింద, సైడు గొట్టాల కింద నీళ్లు పోయే బెజ్జాల్ని కూడా కోటింగ్‌తో మూసేయడం. డబ్బులిచ్చి తుప్పు కొనుక్కోవడం అంటే అదే. సందుల్లోకి పాకే వ్యాక్స్, ఆయిల్ రకాలు ఈ ఊరికి ఎక్కువ సరిపోతాయి, అవి కూడా ప్రతి ఏడూ అక్కర్లేదు.

బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నివారణ డబ్బాలు కూడా అమ్ముతున్నారు. కరెంటుతో తుప్పు ఆపడం ఓడలకీ భూమిలో పూడ్చిన పైపులైన్లకీ పనిచేస్తది, ఎందుకంటే వాటి చుట్టూ ఎప్పుడూ నీళ్లో తడి మట్టో ఉంటది, కరెంటు పారడానికి దారి ఉంటది. కారు చుట్టూ ఉండేది గాలి.

ఇన్సూరెన్స్, సెకండ్ హ్యాండ్ లెక్క

మామూలు తుప్పుని ఇన్సూరెన్స్ అరుగుదల కింద లెక్కేస్తది, పైసా రాదు. వరద నష్టం కాంప్రహెన్సివ్ పాలసీలో వస్తది, అయితే జీరో డెప్ (పాతబడిన భాగాల మీద కోత లేకుండా చేసే అదనపు కవర్) లేకపోతే లోహపు భాగాల మీద కారు వయసుని బట్టి కోత పడతది, ఐదేళ్లు దాటితే 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం, పెయింట్ మెటీరియల్ మీద ఎప్పుడైనా 50 శాతం. 15 ఏళ్లు నిండిన సొంత కారుకి ఆర్‌సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి, దానికి ఫిట్‌నెస్ చూస్తారు. ఇంజన్ ఎంత బాగున్నా కింద రేకు పోయిన కారు ఆ దశలో మోయలేని ఖర్చు అయి కూర్చుంటది.

అందుకే సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు బానెట్ మెరుపు చూసి మురిసిపోకుండా కంటికి కనపడని చోట్లు చూడాలి. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం డోర్ అడుగున, ఆర్చ్ అంచున ఆనించి చూస్తే మందంగా పుట్టీ ఉన్న చోట అది పట్టుకోదు, అయితే ప్లాస్టిక్, అల్యూమినియం భాగాల మీద కూడా పట్టుకోదు కాబట్టి రెండో వైపు అదే చోట పెట్టి పోల్చాలి. సీటు బెల్టుని చివరిదాకా లాగితే, వరదలో మునిగిన కారు అయితే ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద మట్టి గీత కనపడే అవకాశం ఉంది. సీటు పట్టాలు, వాటి బోల్టులు కూడా చూడాలి. చివరగా స్టెప్నీ ఎత్తాలి. ఆ గుంటలో చెమ్మ, గోధుమ రంగు మరక ఉంటే డిక్కీ రబ్బరో టెయిల్ ల్యాంప్ సీలో కారుతున్నట్టు, ఎన్నాళ్లుగా కారుతోందో జాకీ మీది తుప్పు చెప్తది.